స్కూల్లో గుండె కోసం స్కిప్పింగ్: డబ్బులు ఎలా అడగాలి, అసలు అడగాలా?

మారతహళ్ళి_అమ్మ
మా బాబు మూడో తరగతి. బెంగళూరు మారతహళ్ళి దగ్గర చిన్న స్కూలు, ఒకటి నుంచి ఐదు దాకా కలిపి 180 మంది పిల్లలు. మెల్‌బోర్న్‌లో ఉన్న మా చెల్లి వాళ్ళ పాప స్కూల్లో పిల్లలంతా స్కిప్పింగ్ చేసి గుండె జబ్బుల కోసం డబ్బులు పోగు చేశారని ఫొటోలు పంపింది. నేను నోరు ఊరుకోక పేరెంట్స్ మీటింగ్‌లో ఆ మాట ఎత్తాను. హెచ్ఎం మేడమ్ వెంటనే "చాలా బాగుంది, మీరే చూసుకోండి" అనేశారు. నా ఖర్మ.

ఇప్పుడు మా క్లాస్ వాట్సాప్ గ్రూప్ రెండు ముక్కలైంది. సగం మంది "ఫీజు కట్టి నెల కాలేదు, మళ్ళీ డబ్బులా" అంటున్నారు. మిగతా సగం "ఎక్కువ తెచ్చినవాళ్ళకి ఏమిస్తారు" అంటున్నారు. మేనేజ్‌మెంట్ వాళ్ళేమో అందరికంటే ఎక్కువ పోగు చేసిన పిల్లాడికి సైకిల్ ఇద్దామంటున్నారు. ఆ సైకిల్ మాట వినగానే నాకు అదోలా అయింది, ఎందుకో సరిగ్గా చెప్పలేకపోతున్నాను. సెప్టెంబర్ 29 వరల్డ్ హార్ట్ డే కదా, ఆ రోజే పెట్టాలని అనుకున్నాం. ఎవరైనా చేసి ఉంటే చెప్పండి. తాళ్ళు ఎవరు కొనాలి, డబ్బు ఎవరి చేతికి వెళ్ళాలి, ఆ సైకిల్‌ని ఎలా ఆపాలి?

ఉప్మా_వ్యతిరేకి
సైకిల్ నాకు ఇప్పించండి. సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లో నా కారు కంటే అదే ముందు వెళ్తుంది.

కేఆర్‌పురం_కోడలు
మా పాప పాత స్కూల్లో ఇలాంటిదే పెట్టారు. ఒక గళ్ళ కార్డు ఇచ్చి ఇంటికి పంపారు, ఒక్కో గడిలో ఒక్కో పేరు, పక్కన ఎంత ఇచ్చారో అంకె. పాప మా అపార్ట్‌మెంట్‌లో ఆరో అంతస్తు దాకా తలుపులు కొట్టింది. మొదటి గడిలో ఒకాయన 500 రాశాడు. ఇక కింద ఉన్నవాళ్ళంతా అది చూసి 200 రాయలేక, 500 ఇవ్వలేక మొహాలు ముడుచుకున్నారు. లిఫ్టులో నన్ను చూస్తే చాలు ఫోన్ తీసేవాళ్ళు.

అసలు కోపం అది కూడా కాదు. మొత్తం ఎంత వచ్చింది, ఎక్కడికి వెళ్ళింది అని అడిగితే "సర్క్యులర్ వస్తుంది" అన్నారు. మా పాప ఐదో తరగతి అయిపోయి వేరే స్కూలుకి వచ్చేసింది. సర్క్యులర్ ఇంకా రాలేదు.

యలహంక_తాతయ్య
కార్డు సంగతి నేనూ చెబుతాను. రెండేళ్ళ కింద మనవడు వచ్చి "తాతా, ఒక్క జంపుకి ఎంతిస్తావు" అన్నాడు. వాడికి అప్పటికి వరసగా నాలుగు వచ్చేవి కావు. ధైర్యంగా జంపుకి రూపాయి అని సంతకం పెట్టాను. వెధవ పది రోజులు మేడ మీద ప్రాక్టీసు చేశాడు. ఆ రోజు టీచరు సంతకంతో సహా తెచ్చాడు, 612. పెన్షను వచ్చేదాకా వాయిదా అడిగాను. ఇవ్వలేదు, "తాతా, గుండెకి వాయిదా ఉండదు" అన్నాడు.

సంతోషంగానే ఇచ్చాను, అది వేరే విషయం.

మారతహళ్ళి_అమ్మ
తాతగారూ 😄 జంపుకి ఇంత అనే పద్ధతి తీసేద్దామనే అనుకుంటున్నాం. పిల్లలు లెక్క కోసం ఆగకుండా ఎగురుతారేమోనని భయం.

పీటీసార్_హిందూపురం
సర్జాపుర రోడ్డు వైపు ఒక స్కూల్లో పీటీ చెబుతాను. నాలుగుసార్లు చేయించాను కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక ఉంటే చదవండి.

ముందు తేదీ మార్చండి. సెప్టెంబర్ ఆఖరంటే బెంగళూరులో సాయంత్రం వాన ఎప్పుడు పడుతుందో ఎవడూ చెప్పలేడు. మధ్యలో పరీక్షలు, కొన్ని ఏళ్ళు దసరా సెలవులు సరిగ్గా ఆ వారంలోనే పడతాయి. ఆ రోజు ప్రార్థనలో గుండె గురించి పది నిమిషాలు చెప్పి, తాళ్ళు పంచండి. అసలు కార్యక్రమం నవంబర్‌లో పెట్టుకోండి. మధ్యలో ఉన్న ఆ ఐదారు వారాల్లో పిల్లలు నేర్చుకుంటారు. ఒక్క రోజు ఎగిరితే గుండెకి ఒరిగేదేమీ లేదు. ఏమైనా ఉంటే ఆ ఐదారు వారాల్లోనే ఉంది.

తాడు కొలత. పిల్లాడు తాడు మధ్యలో ఒక కాలితో తొక్కి, రెండు పిడులూ పైకి లాగితే చంకల దాకా రావాలి. ఎక్కువుంటే పిడి దగ్గర ముడి వేయండి. అందరికీ ఒకే కొలత కొంటే ఒకటో తరగతి పిల్లలు తాడు ఈడ్చుకుంటూ తిరుగుతారు, ఐదో తరగతి వాళ్ళకి మెడకి తగులుతుంది. పిల్లలకి ప్లాస్టిక్ పూసలు గుచ్చిన తాళ్ళు మంచివి. బరువు ఉంటుంది కాబట్టి గాలికి ఎగరదు, నేలకి తగిలినప్పుడు టక్ టక్ మని చప్పుడొస్తుంది, ఆ చప్పుడు పట్టుకుని ఎగురుతారు. నూలు తాడు వద్దు, తేలిపోతుంది. మనిషికొకటి అక్కర్లేదు. ముగ్గురికి ఒకటి చాలు. ఒకరు ఎగురుతారు, ఒకరు లెక్కపెడతారు, ఒకరు ఊపిరి పీల్చుకుంటారు. మీ 180 మందికి 60 తాళ్ళు. చిక్‌పేటలో హోల్‌సేల్‌గా తెచ్చుకోండి.

నేల. సిమెంటు మీద వద్దు, మోకాళ్ళు, మడమలు పట్టేస్తాయి. మట్టి నేల ఉంటే అదృష్టం. లేకపోతే రబ్బరు మ్యాట్లు. బూట్లు వేసుకోవాలి, చెప్పులతో వద్దు.

ఎగరడం. చిన్నపిల్లలు మోకాళ్ళు కడుపు దాకా మడిచి కప్పల్లా ఎగురుతారు, చేతులు భుజాల నుంచి గిరగిరా తిప్పుతారు. నిమిషంలో అలిసిపోతారు. పాదం నేలకి ఒక అంగుళం లేస్తే చాలు, తిప్పాల్సింది మణికట్టు. ఇది చెప్పడానికి నేను చిన్న ఉపాయం వాడతాను. చంకలో చెరో పుస్తకం పెట్టి తాడు లేకుండా తిప్పమంటాను. పుస్తకం పడిందంటే భుజం కదిలినట్టే. 30 సెకన్లు ఎగరడం, 30 సెకన్లు ఆగడం. ఒక్కో తరగతికి అరగంట. ఒకటి, రెండు తరగతులకి సొంత తాడు వద్దు. పొడుగు తాడుని నేల మీద పాములా ఆడించి దాటించండి. వాళ్ళకి అదే పండగ.

రెండోబెంచి
చంకలో పుస్తకం ఇప్పుడే ట్రై చేశాను. పుస్తకం పడింది, పక్కింటివాళ్ళు కింద నుంచి ఫోన్ చేశారు.

డాలస్_రిటర్న్
ఇది ఆస్ట్రేలియావాళ్ళు కనిపెట్టింది కాదు. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ వాళ్ళ జంప్ రోప్ ఫర్ హార్ట్, 1978లో మొదలైంది. ఆస్ట్రేలియాలో హార్ట్ ఫౌండేషన్ వాళ్ళు 1983 నుంచి చేస్తున్నారు. అమెరికాలో ఇప్పుడు పేరు మార్చి కిడ్స్ హార్ట్ ఛాలెంజ్ అంటున్నారు. మా వాడు అక్కడ రెండో తరగతిలో ఉన్నప్పుడు చేశాడు. ఇంత తెస్తే ఒక బొమ్మ, ఇంకొంచెం తెస్తే ఇంకో బొమ్మ. పిల్లలకి ఉత్సాహం అలాగే వస్తుంది. సైకిల్ అంటే ఎందుకు అందరూ అంత భయపడుతున్నారు? పోటీ లేకపోతే ఎవరు కదులుతారు?

ఫీజు_బాధితుడు
@డాలస్_రిటర్న్ సార్, ఆ పోటీ పిల్లల మధ్య కాదు, వాళ్ళ నాన్నల జీతాల మధ్య. ఐటీ కంపెనీలో ఉన్న నాన్న ఆఫీస్ గ్రూప్‌లో ఒక్క మెసేజ్ పెడితే పాతిక వేలు వస్తుంది. మా స్కూల్లో క్యాబ్ నడిపేవాళ్ళ పిల్లలూ ఉన్నారు. ఆ పిల్లాడు 612 జంపులు ఎగిరి, ఇంటికి 150 రూపాయల కార్డుతో వెళ్ళి, స్టేజీ మీద సైకిల్ ఎక్కేవాడిని చూస్తాడు.

ఇంకో మాట. @మారతహళ్ళి_అమ్మ ఆ గ్రూప్‌లో "మళ్ళీ డబ్బులా" అన్నది నేనే. 180 మంది, మూడో తరగతి, హెచ్ఎం "మీరే చూసుకోండి"... ఇంకెవరు?

మారతహళ్ళి_అమ్మ
అయ్యో దేవుడా.

ఉప్మా_వ్యతిరేకి
పాప్‌కార్న్ తెచ్చుకోండి అందరూ.

మారతహళ్ళి_అమ్మ
@ఫీజు_బాధితుడు ఆ రోజు మీ మీద చాలా కోపం వచ్చింది, దాచను. కానీ సైకిల్ గురించి నాకు చెప్పడం చేతకాని మాట మీరు చెప్పారు. అదే స్క్రీన్‌షాట్ తీసి హెచ్ఎం మేడమ్‌కి పంపొచ్చా?

ఫీజు_బాధితుడు
పంపండి. పేరు లేదుగా.

డాలస్_రిటర్న్
సరే, ఆ కోణం నాకు తట్టలేదు. అక్కడ కూడా దీని మీద గొణిగినవాళ్ళు ఉన్నారు. అయినా బహుమతి అస్సలు వద్దంటే నేను ఒప్పుకోను. డబ్బుకి కాకుండా ఆటకి ఇవ్వండి.

పీటీసార్_హిందూపురం
ఆటకి కూడా ఎక్కువ జంపులకి కాదు సార్. మొదటి వారం కంటే ఆఖరి వారం ఎంత పెరిగిందో దానికి ఇవ్వండి. సున్నా నుంచి పన్నెండుకి వచ్చిన పిల్ల నాకు రెండు వందలు ఎగిరేదాని కంటే ముద్దు.

వార్డు_సిస్టర్_చిత్తూరు
బెంగళూరులో పిల్లల వార్డులో పదిహేడేళ్ళు చేశాను. రెండు మూడు విషయాలు చెబుతాను.

5 నుంచి 17 ఏళ్ళ పిల్లలు రోజుకి సగటున గంటసేపైనా ఒళ్ళు అలిసేలా ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. స్కిప్పింగ్ అందులో ఒక ముక్క. ఎముకలకి కూడా మంచిది. అంతేగానీ "స్కిప్పింగ్ చేస్తే గుండె జబ్బు రాదు" అని చార్టు రాయించకండి. పుట్టుకతో గుండెలో రంధ్రం ఉన్న పిల్లలు ఏ తప్పూ చేయలేదు, వాళ్ళ అమ్మలూ చేయలేదు. ఆ చార్టు చూసి ఆ తల్లి ఏమనుకుంటుంది?

ముందుగా ఇంటికి ఒక కాగితం పంపండి. ఆస్తమా ఉందా, ఎప్పుడైనా ఆటలో కళ్ళు తిరిగి పడ్డాడా, గుండెకి ఏదైనా చికిత్స జరిగిందా, ఇంట్లో చిన్న వయసులో ఎవరైనా హఠాత్తుగా పోయారా. అవును అని వస్తే డాక్టరు రాసిచ్చాకే. ఇన్‌హేలర్ బ్యాగులో కాదు, టీచరు చేతిలో ఉండాలి. ఎగురుతూ ఛాతీ నొప్పి అన్నా, స్పృహ తప్పినా, అక్కడితో ఆట ఆపి 108. "కొంచెం నీళ్ళు తాగు, తగ్గిపోతుంది" అనొద్దు. టిఫిన్ తిన్న వెంటనే ఎగరనివ్వకండి, వాంతులు ఊడ్చేది ఆయమ్మ.

పిల్లలకి నాడి చూడటం నేర్పండి. బొటనవేలి కింద మణికట్టు మీద రెండు వేళ్ళు పెట్టి 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేయాలి. ఎగరకముందు ఒకసారి, ఎగిరాక ఒకసారి. మూడో తరగతికి ఎక్కం ప్రాక్టీసు కూడా అయిపోతుంది. మా మనవరాలు మొదటిసారి తన నాడి దొరికినప్పుడు భయపడి చెయ్యి విదిలించింది, లోపల ఏదో ఉందని.

పెద్దవాళ్ళకి పనికొచ్చేది ఒకటి. గుండె ఆగిపోయినవాళ్ళకి చేసే సీపీఆర్‌లో ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. స్కిప్పింగ్ బాగా వచ్చిన పిల్లలు తాడు తిప్పే వేగం కూడా అటూ ఇటూగా అంతే. ఆ రోజు వచ్చే పేరెంట్స్‌కి ఎవరైనా శిక్షణ పొందినవాళ్ళతో ఒక బొమ్మ మీద చేసి చూపించండి. పిల్లలు తాడు కొడుతుంటే ఆ చప్పుడుకే నొక్కొచ్చు.

రెండోబెంచి
సిస్టరమ్మా, ఆఖరి పేరా చదివి ఒళ్ళు జలదరించింది. మంచి ఐడియా.

బేకరీ_మానేశా
ఇవన్నీ సరే. మీ స్కూలు గేటు ముందు అయ్యంగార్ బేకరీ ఉందా లేదా? సాయంత్రం మూడున్నరకి ప్రతి పిల్లాడి చేతిలో పఫ్ ఉందా లేదా? ముందు అది చూసుకోండి, తర్వాత గుండె కోసం ఎగురుదురుగాని. కార్యక్రమం అయ్యాక చాక్లెట్, కూల్‌డ్రింక్ పంచుతారని పందెం.

మారతహళ్ళి_అమ్మ
ఫ్రూటీ అనుకున్నాం 🙈 అరటిపండుకి మారుస్తాం.

యలహంక_తాతయ్య
పల్లీపట్టీ పంచండమ్మా. నవంబర్ అంటున్నారుగా, బసవనగుడి కడలెకాయి పరిషె రోజులు, వేరుశనక్కాయలకి లోటుండదు.

వార్డు_సిస్టర్_చిత్తూరు
పల్లీ పడని పిల్లలు ఉంటారు తాతగారూ. అరటిపండే నయం.

ఆడిటర్_గారబ్బాయి
డబ్బు సంగతి ఎవరూ సరిగ్గా చెప్పలేదు.

స్కూలు అకౌంట్‌లోకి, మీ అకౌంట్‌లోకి, పీటీ సార్ గూగుల్ పేకి ఒక్క రూపాయి రానివ్వకండి. ఏ ట్రస్టుకి ఇవ్వాలనుకున్నారో దాని క్యూఆర్ కోడ్ నేరుగా పెట్టండి. రసీదు ఇచ్చినవాళ్ళ పేరు మీదే వస్తుంది. స్కూలు పోగుచేసి చెక్కు ఇస్తే రసీదు స్కూలు పేరు మీద వస్తుంది, తర్వాత విరాళానికి పన్ను మినహాయింపు (80జి) అడిగేవాళ్ళకి మీరే సమాధానం చెప్పుకోవాలి. నగదు 2,000 దాటితే 80జి మినహాయింపు రాదు. కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్ళకి ఎలాగూ ఆ మినహాయింపే లేదు కాబట్టి దాని కోసం గ్రూప్‌లో యుద్ధాలు అనవసరం.

మనవాళ్ళకి ముఖ్యమైనది ఇంకోటి. ప్రతి ఇంట్లో ఒక అమెరికా బావగారు ఉంటారు. ఆయనకి ఇంకా భారత పాస్‌పోర్ట్ ఉండి, తన సొంత డబ్బు బ్యాంకు ద్వారా పంపితే విదేశీ విరాళం కింద లెక్కకు రాదు. అక్కడి పౌరసత్వం తీసుకుని ఉంటే మాత్రం విదేశీ విరాళమే, భారత మూలాలున్న విదేశీ పౌరులకిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే. అలాంటి డబ్బు తీసుకోవాలంటే ట్రస్టుకి విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ ఉండాలి, అదీ ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలో తెరిచిన ఖాతాలోకే రావాలి. "మనవాడేగా, పంపనివ్వండి" అనుకుంటే ట్రస్టు చిక్కుల్లో పడుతుంది.

డాలస్_రిటర్న్
మా బావగారికి ఈ పోస్ట్ ఫార్వర్డ్ చేశాను. "హమ్మయ్య" అన్నారు.

వార్డు_సిస్టర్_చిత్తూరు
ఎవరికి ఇవ్వాలన్నది కూడా ఆలోచించండి. "పసిగుండెకి ఆపరేషన్ డబ్బు" అని బ్యానర్ వేస్తారు అందరూ. ఆపరేషన్‌కి ఇప్పుడు దారులున్నాయి. ఆంధ్రాలో 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన పథకం ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో ఉంది. స్కూలు పిల్లలని పరీక్ష చేసి పంపే కేంద్ర పథకం ఆర్‌బీఎస్‌కే 2013లో వచ్చింది. వైట్‌ఫీల్డ్ సత్యసాయి ఆసుపత్రిలో బిల్లు కట్టే పనే లేదు. జయదేవ గుండె ఆసుపత్రి ప్రభుత్వానిది. తల్లిదండ్రులు చితికిపోయేది గేటు బయట. అనంతపురం నుంచి బిడ్డని తెచ్చుకున్న కూలి మనిషికి రెండు వారాల కూలి పోతుంది. తోడు వచ్చినవాళ్ళు పడుకోవడానికి చోటు, బస్సు చార్జీలు, ఆర్నెల్ల తర్వాత మళ్ళీ చూపించుకోవడానికి రావడం. ఆ రెండో రాకకి డబ్బుల్లేక ఆగిపోయినవాళ్ళని చూశాను. అలాంటి ఖర్చు భరించే ట్రస్టుని వెతకండి. ఆసుపత్రి సోషల్ వర్కర్‌ని అడిగితే చెబుతారు.

కుట్టుగీత_అమ్మ
చాలాసేపు రాయాలా వద్దా అని ఆలోచించాను.

మా పాపకి పదకొండు నెలలప్పుడు గుండెలో రంధ్రం మూశారు. ఇప్పుడు ఎనిమిదేళ్ళు. ఛాతీ మధ్యలో గీత ఉంటుంది, దాన్ని తను "నా జిప్పు" అంటుంది. పోయినేడాది తన స్కూల్లో ఇలాంటి కార్యక్రమమే. డాక్టరుగారు అన్ని ఆటలూ ఆడొచ్చని రాసిచ్చిన కాగితం నేనే తీసుకెళ్ళి ఇచ్చాను. అయినా ఆ రోజు పాపని ఎగరనివ్వలేదు. భయం. స్కోరు బోర్డు పట్టుకుని నిలబడమన్నారు. అది చాలదని స్టేజీ మీదకి పిలిచి, మైకులో కథంతా చెప్పి, "ఈ చిన్నారి కోసమే మనం ఎగురుతున్నాం" అని చప్పట్లు కొట్టించారు. పాప ఆ బోర్డుని మొహానికి అడ్డం పెట్టుకుంది. అందరూ సిగ్గు పడుతోందనుకుని ఇంకా గట్టిగా కొట్టారు.

ఇంటికొచ్చాక ఒక్కటే అడిగింది. "అమ్మా, నాకు 40 వచ్చు కదా, ఎందుకు లెక్కపెట్టలేదు?"

అంతే. మీ స్కూల్లో అలాంటి పిల్ల ఉంటే ముందు వాళ్ళ అమ్మని, తర్వాత ఆ పిల్లని అడగండి.

కేఆర్‌పురం_కోడలు
ఇది చదివాక ఏం రాయాలో తెలియడం లేదు. పాపకి నా తరఫున ఒక ముద్దు.

పీటీసార్_హిందూపురం
అమ్మా, మేము చేసే తప్పే ఇది. ఒప్పుకుంటున్నాను. డాక్టరు వద్దన్న పిల్లల్ని కూడా ఇకపై బోర్డు దగ్గర నిలబెట్టను, పొడుగు తాడు తిప్పిస్తాను. తాడు తిప్పేవాడే ఆటకి రాజు. వాడు వేగం పెంచితే అందరూ గంతులే.

మారతహళ్ళి_అమ్మ
అందరి పోస్టులూ ప్రింట్ తీసి మీటింగ్‌కి తీసుకెళ్ళాను. సైకిల్ పోయింది. తేదీ నవంబర్‌లో ఒక శనివారం. గళ్ళ కార్డు లేదు. గేటు దగ్గర ట్రస్టు క్యూఆర్ ఒకటి, ఎవరు ఎంత వేశారో పిల్లలకి తెలియదు, టీచర్లకీ తెలియదు. తాళ్ళకి ఖర్చు మేనేజ్‌మెంట్ పెట్టుకుంది, సైకిల్ డబ్బులు మిగిలాయిగా!

(ఏడు వారాల తర్వాత)

మారతహళ్ళి_అమ్మ
అయిపోయింది! పొద్దున్నే చినుకులు, తొమ్మిదికి ఎండ. రెండో తరగతిలో ఒకడు తాడుని నడుముకి కట్టుకుని రైలు నడిపాడు, వెనక ఆరుగురు. ఇన్‌హేలర్ ఉన్న పిల్లలు నలుగురు తేలారు, అందులో ఒకరి సంగతి మాకు అసలు తెలియదు, ఆ కాగితం వల్లే తెలిసింది. మోకాలు గీరుకున్నవాళ్ళు ఇద్దరు, అంతకు మించి ఏమీ లేదు.

ట్రస్టు వాళ్ళు పంపిన లెక్క ప్రకారం 83,450 రూపాయలు, 141 మంది వేశారు. అందులో పది రూపాయలు కూడా ఉన్నాయి. ఆ కాగితాన్ని నోటీసు బోర్డు మీద అంటించాం. @కేఆర్‌పురం_కోడలు సర్క్యులర్ వచ్చేసింది 🙂

సీపీఆర్ బొమ్మ దగ్గర నాన్నలు రెండు నిమిషాలకే చెమటలు కక్కారు. పక్కన ఐదో తరగతి ఆడపిల్లలు తాడు కొడుతూ "అంకుల్, స్లో అయిపోయారు" అని అరుపులు.

కేఆర్‌పురం_కోడలు
మొత్తానికి ఒక సర్క్యులర్ చూశాను జీవితంలో.

బేకరీ_మానేశా
అరటిపండ్లేనా?

మారతహళ్ళి_అమ్మ
అరటిపండ్లే. తర్వాత సగం మంది బేకరీకి వెళ్ళారు, అది నా చేతిలో లేదు.

ఒక్కటే మిగిలింది. తాళ్ళు 60 కొన్నాం, లెక్కపెడితే 59. మా స్కూలు పేరెంట్స్ ఎవరైనా చదువుతుంటే బ్యాగులు చూడండి.

ఫీజు_బాధితుడు
మా ఇంట్లో ఉంది. బాబు తేలేదు, నేనే తెచ్చాను. వరసగా 23 వస్తున్నాయి. సోమవారం ఇచ్చేస్తాను.

ఉప్మా_వ్యతిరేకి
చంకలో పుస్తకం పెట్టుకుని చూడండి సార్.